పన్నెండు అంగల గది

నవంబరు 2

చేరాను. మా చిట్టి కట్టిన ఇంట్లో, మా చిట్టి చేయించిన మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఈ మాట మరోసారి రాసుకుంటాను, నా తృప్తి కోసం. మా చిట్టి కట్టిన ఇల్లు.

రాసుకోవడానికి వేరే పుస్తకం లేక పాత కొలతల పుస్తకమే తెచ్చుకున్నాను. ముందు పేజీల్లో ఊరందరి భుజాలూ నడుములూ ఉన్నాయి. వెనక పేజీలు ఖాళీ. దుకాణం మూసేశాక కొలతలివ్వడానికి ఎవరొస్తారు? ఇక నా సంతోషాన్నే ఇందులో ఎక్కిస్తాను. దానికి నా టేపు చాలదు.

మా ఆవిడ పోయిన నెలకు గుమ్మం దాటి వెళ్ళిన పిల్ల, పదకొండేళ్ళ తర్వాత మొన్న సెప్టెంబరు పన్నెండున ఫోను చేసి "నాన్నా, నేను" అంది. ఎవరని అడగలేదు నేను. ఆ గొంతు పోల్చుకోలేకపోతే ఈ చెవులెందుకు, కళ్ళజోడు తగిలించుకోవడానికా? వారంలో తనే వచ్చింది. నా ప్యాంటు జారుతుంటే చూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించింది. రిపోర్టు నాకు రాని భాషలో ఉంది. తనే చదివి, రెండు మడతలు పెట్టి, సంచిలో దాచుకుంది. అంతా బాగానే ఉందనీ, కొన్నాళ్ళు కొండ మీద తన దగ్గర ఉంటే సరిపోతుందనీ చెప్పింది. ఉండమంటే ఉండనా? తరిమినా పోను.

ఇల్లు దూరం నుంచి కనపడదు. కొండ రంగే దాని రంగు. రోడ్డు అయిపోయాక నడవాలి. నడిచి నడిచి, ఇది రాయి అనుకున్నది దగ్గరికొచ్చేసరికి గోడ. పైన చూరు లేదు, కింద గడప లేదు, తలుపుకు పిడి లేదు. తోస్తే గోడే తలుపవుతుంది. సిమెంటు మీద చెక్క గీతలున్నాయి, ముడులతో సహా. పోత పోసేటప్పుడు చుట్టూ పలకలు పెట్టి తర్వాత తీసేస్తారట. చెక్క పోయింది, దాని ఒంటి గీతలు మాత్రం మిగిలాయి. చేత్తో రాస్తే ఎవరిదో వీపు తాకినట్టుంది.

నా గదికి ఒకవైపంతా అద్దమే, నేల నుంచి కప్పు దాకా. అద్దం అవతల లోయ. ఎదురుగా ఉన్నది చెక్క గోడ, దానికే మంచం అతికించి ఉంది. ఆ గోడ నేలలోని ఇనుప పట్టా మీద నడుస్తుందట, వేలితో తోసినా కదులుతుందట. ఎందుకమ్మా కదలడం అంటే నవ్వి, దుకాణంలో నేను గిరాకీలతో అనే మాటే నాకు అప్పజెప్పింది.

"బట్టే మనిషికి తగ్గట్టు ఉండాలి గాని మనిషి బట్టకు తగ్గట్టు కాదు. నువ్వన్నదే కదా నాన్నా? ఇల్లయినా అంతే."

కత్తెర పట్టినవాడి మాట మీద ఇంత ఇల్లు లేచింది. ఇంకేం కావాలి నాకు?

అలవాటు పోదు కదా, కొలిచాను. మంచం నుంచి అద్దానికి పన్నెండు అంగలు. టేపుతో అయితే నిండుగా నాలుగు టేపులు. మా దుకాణం మొత్తం మూడంగలు ఉండేది.

ఒకటే లోటు. ఇంట్లో ఎక్కడా నిలువుటద్దం లేదు. దర్జీవాడికి నిలువుటద్దం లేకపోతే ఎలాగమ్మా అన్నాను. కొండను చూడు నాన్నా, నిన్ను నువ్వేం చూసుకుంటావు అంది. నిజమే. చూసుకునేంత అందం ఏమేడిసింది.

నవంబరు 3

బెల్టు మూడో రంధ్రం. కంచం నిండా తిన్నాను. పన్నెండంగలు.

నవంబరు 6

గురువారం గురువారం కింద నుంచి వడ్రంగి వస్తాడు. మాటకారి. నన్ను మాస్టారూ అంటాడు. కట్టేటప్పుడు మా చిట్టి ఒక్క చెక్క కోసం తనను మూడుసార్లు కొండ ఎక్కించిందని చెప్పాడు. వెంట్రుకంత తేడా వస్తే ఒప్పుకోదట. ఎవరి కూతురనుకున్నావయ్యా అన్నాను. అదే నా తలరాత అన్నాడు.

అతను పని చేసుకునే వేళకు నన్ను బయట అరుగు మీద ఎండలో కూర్చోబెడుతుంది చిట్టి. గంటసేపు. దుప్పటి కప్పుతుంది, చెవులకు గుడ్డ చుడుతుంది. చిన్నప్పుడు నేను దానికి చేసినవన్నీ తిరిగి చేస్తోంది.

ఎండలో కూర్చుంటే మా ఆవిడ గుర్తొచ్చింది. దర్జీ పెళ్ళాం గదా, చచ్చేదాకా సూదిలో దారం ఎక్కించి ఎరగదు. "నా మొగుడు కుడుతుంటే నాకెందుకు ఆ పీకులాట" అనేది. గుండీ ఊడినా నా ముందు పడేసేది.

తను పోయిన ఏడు ఒకరోజు ఆకుపచ్చ గౌను తొడుక్కుని, నడుం దగ్గర పట్టుకుని చూసుకుంది. గుడ్డ గుప్పెట్లోకి వచ్చింది. ముఖం పాలిపోయింది. మా అత్తగారు అలాగే చిక్కి ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. తను స్నానానికి వెళ్ళగానే పక్క కుట్టు అరంగుళం లోపలికి పట్టేశాను. పాత దారమే వాడి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు కొక్కేనికి తగిలించాను. మర్నాడు తొడుక్కుని, నడుం దగ్గర కుట్టు మీద బొటనవేలితో ఇలా నిమిరి, "బాగా సరిపోయింది" అంది. ఆ ముఖం చూడాలి. ఆ ముఖం కోసం వారం వారం కుట్టాను. బట్టలన్నీ కుట్టాను. ఆమెకు తెలియదు. చివరిదాకా తెలియదు.

చిట్టి అప్పుడు చదువుకు దూరంగా ఉండేది. సెలవులకు వచ్చినప్పుడల్లా అమ్మ బాగానే కనపడేది, బట్టలు అతికినట్టు ఉండేవి కాబట్టి. అంతా అయ్యాక నా కొలతల పుస్తకంలో వాళ్ళమ్మ పేజీ చూసింది. నడుం అంకె వారానికొకటి కొట్టేసి ఉంది. "నువ్వు కుట్లు వదిలేసి ఉంటే నాకు కనపడేది. నేను తీసుకెళ్ళేదాన్ని. నువ్వు అమ్మను గుడ్డల్లో దాచేశావు నాన్నా" అంది. అదే ఆఖరి మాట. పదకొండేళ్ళకు.

పోనీ. ఇప్పుడెందుకదంతా. గదిలోకి వచ్చి నడిచాను. పన్నెండే.

నవంబరు 9

మంచు. రోజంతా మంచే. అద్దానికి తెల్ల లైనింగు వేసినట్టుంది. లోయ లేదు, చెట్టు లేదు. ఇల్లు దేనికీ ఆనకుండా ఉంది. అవతల ఎవరో నిలబడి లోపలికి చూస్తున్నట్టు అనిపించి దగ్గరికి వెళ్ళాను. ఎవరూ లేరు. అద్దంలో కనపడింది నేనేనేమో. కాని అంత సన్నటి మనిషిని కాదు నేను.

నవంబరు 14

కొండగాలి మహిమ. ఊళ్ళో గోనెసంచిలా వేలాడిన తెల్లచొక్కా ఇవాళ భుజాల మీద అతికినట్టు కూర్చుంది. ఒళ్ళు చేశాను. ప్యాంటు జారడం లేదు. చిట్టి కొత్త బెల్టు తెచ్చింది, పాతది బీటలు వారిందని. దానికీ మూడో రంధ్రమే. చూశారా, మనిషి కుదురుగా ఉంటే కొత్త బెల్టు కూడా ఒప్పుకుంటుంది.

కంచం నిండా తిన్నాను. నీలం అంచు దాకా.

చొక్కా పక్క కుట్టు మీద చెయ్యి పడింది. కాస్త మందంగా తగిలింది. ఉతికితే బిగుసుకుంటాయి కొన్ని గుడ్డలు. నలభై ఏళ్ళు కుట్టాను, నాకు తెలియదా.

నవంబరు 15

భోజనాలయ్యాక చిట్టి కంచాలు తీయకుండా కూర్చుంది. నా ముఖంలోకి కాక నా చేతుల వంక చూస్తూ అడిగింది.

"నువ్వు కుట్టినన్నాళ్ళూ అమ్మ ఒక్కసారైనా అడిగిందా నాన్నా, ఏం చేస్తున్నావని?"

"లేదమ్మా."

"ఎందుకు అడగలేదంటావు?"

"తెలియదు కనక. తెలిస్తే మీ అమ్మ ఊరుకునే రకమా? వీధి చివరిదాకా వినపడేది."

నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత కంచం అంచు మీద వేలు తిప్పింది. కోపంగా లేదు. ఆ పాత కోపం ముఖంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. దేవుడా, లేదు. ఇంత సంతోషం ఈ వయసులో గుండెకు మంచిదో కాదో.

నవంబరు 20

వడ్రంగి వచ్చాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చిట్టి లోపలికి వెళ్ళింది. వడ్రంగి పనిముట్లు సర్దుకుంటూ నా పక్కన నిలబడ్డాడు.

"మాస్టారూ, మీ దుకాణంలో ఒకే మనిషికి వారం వారం ఆల్టరేషన్ చేసేవారా?"

"చేశాను. ఒక్కరికే."

"అయితే నా బాధ మీకే తెలియాలి. కట్టిన ఇంటికి ఎవరైనా నెలలో మూడుసార్లు..."

అక్కడ ఆగిపోయాడు. మేకులు నాలుగు తీసి నోట్లో పెట్టుకున్నాడు, ఇక మాట రాకుండా. నేనూ గుండుసూదులు అలాగే పెట్టుకునేవాణ్ణి. జవాబు చెప్పకూడని గిరాకీ వచ్చినప్పుడు.

గంట తర్వాత లోపలికి వెళ్ళాను. అంతా ఎలా ఉందో అలాగే ఉంది. పన్నెండంగలు. రెండుసార్లు నడిచాను.

టేపు తీయలేదు.

నవంబరు 21

టేపు తీయలేదు.

నవంబరు 24

తీశాను. మూడు టేపులు, పైన ఒక జానెడు.

నవంబరు 25

టేపు పాతది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపుతో కొలిస్తే ఎంత పెద్దదైనా తక్కువే వస్తుంది. దుకాణంలో ఏటా కొత్తది కొనేవాణ్ణి. మూసేశాక కొనలేదు. అదీ సంగతి.

ఒక టేపు సాగితే అరంగుళం సాగుతుంది. నాలుగడుగులు సాగదు. ఈ మాట నాకు నేనే రాసుకున్నాను, ఎవరూ చెప్పలేదు.

నవంబరు 28

అన్నీ రాస్తాను. వరసగా రాస్తాను.

చిట్టి సరుకులకు కొండ దిగువ వంతెన దాకా వెళ్ళింది. చొక్కా గుండీ వదులైంది, దారం కోసం దాని పనిగదిలోకి వెళ్ళాను. దారిలో వంటగది. అరలో నీలం అంచు కంచాలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా ఐదు. ఒకే రకం, ఒకే అంచు. నిన్న నేను తిన్నది పైనుంచి రెండోది.

పనిగదిలో బల్ల కింద సొరుగు లాగాను. రిపోర్టు పైనే ఉంది. అక్షరం ముక్క అర్థం కాలేదు. రాని భాష రానందుకు మొదటిసారి హాయి అనిపించింది. దాని కింద నా గళ్ళచొక్కా, లోపలి వైపుకు తిప్పి, గుండుసూదులు గుచ్చి, సగం కుట్టి ఉంది. కుట్టు ఎడమకు వాలి ఉంది. మా చిట్టిది ఎడమచేతి వాటం. కత్తిరింపుల బల్ల కింద కూర్చోబెట్టి, పీలికలు ఇచ్చి నేర్పింది నేనే. పాత దారమే వాడింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. వంక పెట్టడానికి లేదు. దర్జీగా చెబుతున్నాను, వంక పెట్టడానికి లేదు.

చొక్కా కింద ఆకుపచ్చ గౌను. ఇన్నేళ్ళూ అది దాని దగ్గరే ఉందని నాకు తెలియదు. అదీ తిప్పి ఉంది. పక్కన నా కుట్లు మూడు వరసలు, అరంగుళానికి అరంగుళం. చేతులు పోల్చుకున్నాయి.

నాలుగో వరస ఉంది.

నాలుగోది నాది కాదు. నల్లదారం, ఆకుపచ్చ గుడ్డకు. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, వంకరటింకర. పసిపిల్లలు కుట్టినట్టు. ముడి వేయడం రాక మూడుసార్లు ముడేసి, పంటితో తెంపిన కొస. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నాలుగో వరస నాలుగో వరసే. సూదిలో దారం ఎక్కించి ఎరగని మనిషి ఎక్కించింది. నేను ఇంట్లో లేనప్పుడు, నేను కొలవకముందే. తను ఇంకా చిక్కిందని నాకు తెలియకుండా.

గౌనుకు చిన్న కాగితం గుచ్చి ఉంది, చిట్టి చేతిరాత. "ఇది నాన్న కుట్టు కాదు. అమ్మది. అమ్మకు తెలుసు." కింద తేదీ, సెప్టెంబరు పదకొండు.

పన్నెండున నాకు ఫోను చేసింది.

అన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్దేశాను. గుండీ సంగతి మరిచిపోయాను. నా గదికి వచ్చి, మోకాళ్ళ మీద వంగి మంచం పక్క నేలలోని పట్టా చూశాను. పెన్సిలు గీతలున్నాయి. నాలుగు గీతలకు తేదీలున్నాయి, నాలుగూ గురువారాలే. వాటికి ఇవతల, అద్దం వైపు, ఇంకా గీతలున్నాయి. వాటికి తేదీలు లేవు. గీతకూ గీతకూ మధ్య ఎడం పోనుపోను తగ్గుతూ వచ్చింది. ఆఖరి గీతకూ అద్దానికీ మధ్య ఒక్క మంచం పట్టేంత చోటుంది. అంతే ఉంది.

భయం వేసింది. వేయలేదని రాస్తే ఎవరు నమ్ముతారు, ఈ పుస్తకం చదివేది నేనే కదా. గోడ నా వెనక నిలబడి ఊపిరి బిగబట్టినట్టుంది. లేచి పారిపోదామా అనిపించింది. ఎక్కడికి? అద్దం అవతల అంతా మంచు.

తర్వాత ఆ గీతలనే మళ్ళీ చూశాను. ఎంత సన్నటి గీతలు, ఎంత తిన్నగా. నా అంగ ఏ వారం ఎంత తగ్గుతుందో లెక్క కట్టి, గీస్తూ ఎంతసేపు కూర్చుందో పిల్ల. ఒక్కతే, ఆ బల్ల దగ్గర.

నవంబరు 29

అడగాలా? అడిగితే ఒక దారం లాగినట్టు. అంతా ఊడుతుంది. మా ఇద్దరి మధ్య చిరిగింది పదకొండేళ్ళకు కుట్టుకుంది.

నవంబరు 30

పొద్దున గళ్ళచొక్కా ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. తొడుక్కున్నాను. ఎదురుగా నిలబడి చూస్తోంది, ఊపిరి తీయకుండా. ఆ ముఖం నాకు తెలుసు. సూదిపెట్టె వీపు వెనక దాచుకుని మా ఆవిడ ఎదుట నిలబడ్డప్పుడు నా ముఖమూ అంతే ఉండి ఉంటుంది.

నడుం దగ్గర కుట్టు మీద బొటనవేలితో నిమిరాను.

"బాగా సరిపోయింది తల్లీ."

ఆ పిల్ల ముఖం వెలిగింది చూడండి. మా ఆవిడ గుర్తొచ్చింది. ఒసేయ్ పిచ్చిదానా, నువ్వు ఇందుకేనా నిమిరేదానివి? పదకొండేళ్ళుగా నేను నీకు చేసిన ద్రోహం అనుకుని మోస్తున్నాను. నువ్వేమో ఎన్నడో తెలుసుకుని, నా కోసం నవ్వుతూ తిరిగావు.

డిసెంబరు 3

నేను అద్దం దాకా నడుస్తుంటే చిట్టి తలుపు దగ్గర నిలబడి చూసింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. పదకొండు అయ్యేసరికి నేనింకా రెండంగల దూరంలో ఉన్నాను. ఈ వారం తన లెక్క కన్నా ఎక్కువ తగ్గాను కాబోలు. కాలు బలవంతంగా చాచి పన్నెండోది పెద్దదిగా వేశాను, చేత్తో అద్దం అందుకున్నాను. మోకాలు భగ్గుమంది. కొండ ఎంత బాగుందమ్మా అన్నాను. అది కొండను చూడలేదు.

మధ్యాహ్నం దాని కళ్ళు వాచి ఉన్నాయి. పొగ అంది. ఈ ఇంట్లో పొయ్యి పొగ రాదు.

డిసెంబరు 4

గురువారం. వర్షానికి దారి కొట్టుకుపోయి వడ్రంగి రాలేదు. చిట్టి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని ఎండలో కునుకు తీసింది. ఎన్నాళ్ళైందో పాపం నిద్రపోయి. దుప్పటి దాని మీద కప్పి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాను.

గోడకు అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. ఒక వేలికే కదులుతుందని తను చెప్పింది నిజమే. నా బలం కూడా సరిపోయింది. మంచంతో సహా, పట్టా మీద చిన్న గరగరతో జరిగింది, ఒక గీత దాటి రెండో గీత దాకా. పెన్సిలు తీసి, రెండో గీత పక్కన తేదీ వేశాను, దాని రాతలాగే.

తర్వాత దాని సూదిపెట్టె తెచ్చి తెల్లచొక్కా పక్క కుట్టు ఒక పావంగుళం లోపలికి పట్టాను. కుడిచేతి వాటం కుట్టును ఎడమకు వాల్చి కుట్టడం మాటలు కాదు. నలభై ఏళ్ళ పనితనం చూపించాను. మీ అమ్మలా నల్లదారం వాడలేదులే చిట్టీ.

నిద్ర లేచి వచ్చింది. నన్ను నడవమని అనలేదు గాని తలుపు దగ్గర నిలబడింది. నేనే లేచి నడిచాను, తాపీగా, చేతులు వెనక కట్టుకుని, దుకాణం తెరవబోతున్నవాడిలా. దాని పెదవులు కదిలాయి. పన్నెండో అంగకు నా కాలి బొటనవేలు అద్దానికి తగిలింది.

అది గోడ వంక చూసింది. నా వంక చూసింది. పట్టా వంక చూసింది, చాలాసేపు.

"నీలో ఏమీ మార్పు లేదు నాన్నా" అంది.

"కొండగాలి తల్లీ" అన్నాను.

డిసెంబరు 19

మంచం మీద కూర్చుని చెయ్యి చాస్తే అద్దం చల్లగా తగులుతోంది. కొండ ఎంత దగ్గరికి వచ్చిందో! కంచం నిండా తిన్నాను. మూడో రంధ్రం.

పన్నెండు.